యాప్ తర్వాత చూద్దాం, ముందు మీ ఆయనకి చెప్పండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారు రొయ్యల చెరువులు లీజుకి చేస్తారు. రాత్రుళ్ళు చాలావరకు చెరువు దగ్గరే పడుకుంటారు. ఇంట్లో నేను, అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఉంటాం. స్కూలు గ్రూపు కోసమని పాపకి ఫోను కొన్నాం. రాత్రి 11 దాటినా వాట్సాప్‌లోనే ఉంటోంది. అది నిద్రపోయాక దాని వాట్సాప్‌ని నా ఫోనుకి లింక్ చేసి 15 రోజులు చూశాను. ఎక్కువగా స్నేహితురాళ్ళే. మా ఆడపడుచు కొడుకు కూడా రోజూ రాత్రి మెసేజ్ పెడుతున్నాడు. ‘పడుకున్నావా’, ‘ఒక ఫొటో పెట్టు’, ‘అత్తకి చెప్పకు’ అని. అతను బీటెక్ అయిపోయి ఇంట్లో ఉన్నాడు. అత్తగారితో అంటే ‘బావేగా, సరదాకి అంటాడు, రేపు ఇచ్చి చేసేవాళ్ళమే కదా’ అన్నారు. ఈలోగా పాప ఆ లింక్ చూసి తీసేసింది. నాతో మాటలు మానేసింది. మావారికి చెప్పలేదు. అసలే చెరువు టెన్షన్‌లో ఉన్నారు, పైగా ఈ పంటకి ఆడపడుచు వాళ్ళే 6 లక్షలు సర్దారు. పాపకి తెలియకుండా మెసేజీలన్నీ చూపించే యాప్ ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: అమ్మా, యాప్ సంగతి ముందే తేల్చేస్తాను. వద్దు. పిల్లలకి తెలియకుండా వాళ్ళ మెసేజీలు చూపిస్తామనేవి చాలావరకు ప్లేస్టోర్ బయటినుంచి ఎక్కించుకోమంటాయి, ఫోనులో ఉన్న రక్షణ ఆపెయ్యమంటాయి. మీ అమ్మాయి ఫొటోలూ మాటలూ ముక్కూమొహం తెలియని ఎవడి దగ్గరికో మీ చేత్తో మీరే పంపినట్టవుతుంది. ఒకసారి పట్టుబడ్డారు. రెండోసారి పట్టుబడితే ఆ పిల్ల మీతో మళ్ళీ ఎప్పటికి మనసు విప్పుతుందో చెప్పలేను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ మేనల్లుడి సంగతి స్నేహితురాళ్ళ వెనకాల, ఏదో గుర్తొచ్చి కలిపినట్టు రాశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ఆ మూడు మాటలే కనిపిస్తున్నాయి. ‘అత్తకి చెప్పకు’ అన్నాడంటే, తను చేస్తున్నది తప్పని ఆ అబ్బాయికి తెలుసు. మీకూ తెలుసు. 15 రోజులు మీ కళ్ళతో చదివారు. ఇంకా తెలుసుకోవలసింది ఏముందని యాప్ వెతుకుతున్నారు? తెలిసిన సంగతి మీ ఆయన ముందు పెట్టలేక రోజులు నెడుతున్నారు.

మీ ఇంట్లో అందరికీ అర్థమయ్యే మాట ఒకటి చెబుతాను. పీతలు రాకుండా చెరువు చుట్టూ వల కడతారు, పిట్టలు వాలకుండా పైన దారాలు లాగుతారు. కానీ తెల్లమచ్చ వైరస్ సీడ్‌తోనే, అంటే చెరువులో వదిలే రొయ్యపిల్లలతోనే వస్తే ఆ వల ఏం ఆపుతుంది? అందుకే కదా ఆ వైరస్ ఉందో లేదో పీసీఆర్ టెస్ట్ చేయించి మరీ సీడ్ దించుతారు. పిల్లల ఫోన్లకి ఇచ్చే కట్టుబాట్లు కూడా ఆ వల లాంటివే. ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరిలో మన దేశానికి తెచ్చిన టీన్ అకౌంట్‌లో, పిల్లలకి తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు. అమ్మానాన్నలు దాన్ని తమ ఖాతాకి కలుపుకుంటే గడిచిన 7 రోజుల్లో పిల్లలు ఎవరెవరితో మాట్లాడారో కనిపిస్తుంది, ఏం మాట్లాడారో కనిపించదు. గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో ఏ యాప్ ఎక్కించాలన్నా మీ అనుమతి పెట్టుకోవచ్చు, రాత్రి ఫలానా వేళకి ఫోను లాక్ అయ్యేలా చెయ్యొచ్చు, మెసేజీలు మాత్రం అదీ చూపించదు. ఇవన్నీ మంచివే, బయటివాళ్ళని ఆపడానికి పనికొస్తాయి. మీ మేనల్లుడు బయటివాడు కాదు. పాప ఫోనులో అతని నంబరు మీరే ఎక్కించి ఉంటారు. అక్కడ బ్లాక్ చేసినా, సంక్రాంతికి వాళ్ళమ్మతో వస్తే మీ ఇంట్లోనే భోంచేస్తాడు.

కాబట్టి ఇది మీకూ మీ ఆయనకీ మధ్య తేలాల్సిన విషయం. ‘చెరువు టెన్షన్‌లో ఉన్నారు’ అన్నారు. మన వైపు ఆ టెన్షన్ లేని రోజు ఏది చెప్పండి? రేటు పడిపోతే టెన్షన్, కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే టెన్షన్. ఆయన స్థిమితపడేదాకా ఆగితే పాపకి పెళ్ళీడు వస్తుంది. ఆ 6 లక్షలు అప్పు. పంట పట్టుబడి అయ్యాక వడ్డీతో సహా తీర్చేస్తారు. అప్పు ఇచ్చినవాళ్ళ అబ్బాయి మన పిల్లని అర్ధరాత్రి ఫొటో అడిగితే నోరు మూసుకోవాలని ఏ ప్రామిసరీ నోటులోనూ రాయలేదు. కఠినంగా అంటున్నాను, కానీ ఆడపడుచు మొహం చిన్నబోతుందని కూతుర్ని నలిగిపోనిచ్చే తల్లిని నేను సమర్థించలేను.

‘నా అక్కచెల్లెళ్ళంటే నీకు మొదటినుంచీ పడదు’ అని ఆయన అంటారేమోనని మీ భయం. అనొచ్చు. అననివ్వండి. పాత గొడవలేవీ తవ్వకుండా, ఆడపడుచుని ఒక్క మాట అనకుండా, ఆ మూడు మాటలు చూపించి ‘నాన్నవి నువ్వే మాట్లాడాలి’ అని ఊరుకోండి. చెల్లెలి కొడుకుని పిలిచి మందలించే హక్కు మేనమామకి మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉంది. అది ఆయనే చెయ్యాలి, మీరు కాదు. ‘ఇకమీదట పాపకి మెసేజ్ పెట్టకు, ఏమైనా ఉంటే నాకు చెయ్యి’ అంటే చాలు. ఆ తర్వాత కూడా ఆగకపోయినా, ఫొటోలు బయటపెడతానని బెదిరించినా చుట్టరికం చూడకండి. 1098కి ఫోన్ చెయ్యండి, పిల్లల కోసం పెట్టిన నంబరు అది. 18 నిండని పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం బావా, బయటివాడా అని తేడా చూడదు.

అత్తగారికి కూడా ఒక మాట. నేనూ కాలువ గట్టు మీది ఇంట్లోనే పెరిగాను. బావామరదళ్ళ మేలమాడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది వాకిట్లో, పదిమంది మధ్య, పట్టపగలు జరిగేది. తలుపేసుకుని, పద్నాలుగేళ్ళ పిల్లని ఎవరికీ చెప్పొద్దంటూ చేసేది మేలమాడటం కాదండీ.

ఇక పాప. ‘నువ్వెందుకు రిప్లై ఇచ్చావు’ అని మాత్రం అడగకండి. పెద్దవాళ్ళందరూ ‘బావ, బావ’ అని నేర్పిన పిల్ల, ఆ బావే మెసేజ్ పెడితే ఇవ్వకుండా ఎలా ఉంటుంది? ముందు మీరు చేసిన పని ఒప్పుకోండి. ‘నీకు చెప్పకుండా చూశాను, తప్పే, మళ్ళీ చెయ్యను’ అనండి. తల్లి కూతురితో అలా అంటే పరువేమీ పోదు. తర్వాత పాపని పక్కన కూర్చోబెట్టుకుని రాత్రి 10కి లాక్ పెట్టండి. వాట్సాప్‌లో తనని గ్రూపుల్లో ఎవరు చేర్చొచ్చో, ప్రొఫైల్ ఫొటో ఎవరికి కనపడాలో ప్రైవసీలో తన చేతే మార్పించండి. మీ ఫోను కూడా ఆ వేళకి హాల్లో చార్జింగ్‌కి పెట్టెయ్యండి.

ఆ చాట్ తుడిచెయ్యొద్దని పాపకి ఈ రోజే చెప్పండి. ఒకవేళ ఫొటో ఏదైనా పంపి ఉంటే తిట్టకండి, దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి, మీ ఆయనకి కూడా. ఆ చాట్ ఆయనకి పాప ఫోనులోనే చూపించండి, తను సరేనన్నాక. పొద్దున్న మేత వేయించి ఆయన టిఫిన్‌కి ఇంటికొస్తారు కదా. రేపు ప్లేటు ముందు పెట్టి, అత్తగారు వంటింట్లో ఉండగానే మొదలుపెట్టండి. ఆవిడ కూడా వింటే మంచిది.