నేరం ఒప్పుకున్న తరువాతే కథ

అనంతపురం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిందమ్మా. ఇద్దరు పెద్ద హీరోలు పోలీసు అధికారులుగా నటించిన ఆ సినిమా మీద నువ్వు ఎంత ఆశ పెట్టుకున్నావో, అది ఎలా నీరుగారిందో చదివాను. నేనూ ఇక్కడ మొదటి వారంలోనే చూశాను. నటులను తప్పుపట్టను. ఇద్దరూ ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. పెద్దాయన కళ్లలో పదును ఏమాత్రం తగ్గలేదు. లోపమంతా రాతలోనే ఉంది. నువ్వు పోలీసు నవల మొదలుపెట్టానని, అదే గోతిలో పడతానేమోనని భయంగా ఉందని రాశావు కాబట్టి, ఆ సినిమాకు ఎక్కడ ప్రాణం పోయిందో చెబుతాను.

విశ్రాంతి తరువాత వచ్చే లాకప్ సన్నివేశం గుర్తుందా? చిన్న హీరో చొక్కా చేతులు మడిచి నాలుగు దెబ్బలు వేయగానే, అనుమానితుడు ఎందుకు చంపాడో, ఎక్కడ పూడ్చాడో పూసగుచ్చినట్లు చెప్పేస్తాడు. పెద్ద హీరో ఫైలు మూసేస్తాడు. హాలంతా చప్పట్లు. పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే ఆ మాట కోర్టులో చెల్లదమ్మా. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్‌లో అదే ఉంది. 2024 జూలై 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ అదే ఉంది. హంతకుడెవరో హీరోకు తెలిసిపోయింది, నిరూపించడానికి చేతిలో చిల్లిగవ్వ పాటి ఆధారం లేదు. పోలీసు అధికారికి ఇంతకన్నా నరకం ఏముంటుంది? కథ సరిగ్గా అక్కడ మొదలు కావాలి. వాళ్లు అక్కడ ముగించి, మిగిలిన గంటసేపు కార్లు పేల్చారు.

అదే చట్టంలో ఒక చిన్న సందు ఉంది. నిందితుడు చెప్పిన దాన్నిబట్టి ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించినంత వరకు అతని మాట చెల్లుతుంది. నీ నవలకు గుండెకాయ ఇదే. ఆ ఘట్టాన్ని దగ్గరగా చూడు. గ్రామ రెవెన్యూ అధికారి వి.ఆర్.ఓ.ను, ఇంకొకరిని మధ్యవర్తులుగా, అంటే కళ్లారా చూసి సంతకం పెట్టే సాక్షులుగా పిలిపిస్తారు. వేరుశనగ చేను గట్టు మీద నిందితుడు ముందు నడుస్తాడు. ఎండిన బావి పక్కన కంపచెట్టు మొదట్లో తవ్వి, గోనెసంచిలో చుట్టిన వేటకొడవలి తీసిస్తాడు. స్టేషన్ రైటర్ గట్టు మీదే కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకుని పంచనామా రాస్తాడు. కొడవలి పొడవెంత, పిడి ఏ కట్టెది, మరక ఎక్కడుంది, అన్నీ రాయాలి. తరువాత దాన్ని గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి, మధ్యవర్తుల సంతకాలున్న చీటీ అంటిస్తారు.

కొత్తగా రాసేవాళ్లంతా ఆ కొడవలి మీది రక్తం దగ్గరే ఆగిపోతారు. నువ్వు సంతకం పెట్టే వి.ఆర్.ఓ. ముఖం చూడు. నిందితుడి అన్నదమ్ములు రోజూ ఆయన ఇంటి ముందు నుంచే పొలానికి పోతారు. ఏళ్ల తరువాత బోనెక్కి, "స్టేషన్‌కు పిలిపించి సంతకం పెట్టించుకున్నారు, నేను చేను దగ్గరికి పోనేలేదు" అన్నాడంటే కేసు కుప్పకూలినట్లే. ఇప్పుడు సోదాలను, స్వాధీనాలను వీడియో తీయాలన్న నిబంధన వచ్చింది కదా అంటావేమో. తీసిన ఫోను ఎవరిది, ఆ తరువాత ఎవరి చేతుల్లో ఉంది అని డిఫెన్స్ లాయరు తవ్వకుండా వదలడు. ఆ ఒక్క మనిషి మాట మీద నిలబడాలని నీ ఇన్‌స్పెక్టర్ పడే యాతన రాయి. ఏ ఫైటూ దానికి సాటి రాదు.

గడువు కోసం టైమ్ బాంబు పెట్టనక్కర్లేదు. హత్య కేసులో నిందితుణ్ని రిమాండుకు పంపిన నాటి నుంచి 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు అతని హక్కు అవుతుంది. 84వ రోజు, ఫోరెన్సిక్ రిపోర్టు ఇంకా రాలేదు. ఇక్కడి నుంచి నువ్వే ఊహించు.

ఆ సినిమాలో ఇద్దరు హీరోలూ ఎస్పీ స్థాయి వాళ్లే. గోడలు దూకేదీ వాళ్లే, వేలిముద్రలు తీసేదీ వాళ్లే. మన దగ్గర హత్య కేసు దర్యాప్తు చేసేది సాధారణంగా సి.ఐ. హతుడు దళితుడై, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైతే, డి.ఎస్.పి.కి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. కేసు చేతులు మారడంలోనే ఎంత కథ ఉందో చూడు. కానీ ఇద్దరు స్టార్లను సరితూకం వేయాల్సి వచ్చినప్పుడు ఇవేవీ కుదరవు. ఒకరికి ఫైటు పెడితే ఇంకొకరికి పెట్టాలి, ఇద్దరిలో ఎవరూ పొరబడకూడదు, ఎవరూ ఓడకూడదు. పొరబడని పోలీసు దర్యాప్తులో ఉత్కంఠ ఎక్కడి నుంచి వస్తుంది? నీకు ఆ కట్టుబాటు లేదు. నీ ఇన్‌స్పెక్టర్‌ను తప్పుడు మనిషిని అనుమానించనీ. పై అధికారి ఫోనుకు జంకనీ.

సీమ అనగానే సుమోలు, నాటుబాంబులు వద్దు. మన నేల మీద అంతకన్నా చిక్కు ముడులున్నాయి. మీ కళ్యాణదుర్గం దాటి కొంత దూరం పోతే పావగడ తాలూకా, అది కర్ణాటక. మూడు వైపులా ఆంధ్రే. నేరం చేసినవాడు బైకు మీద రాష్ట్రం దాటగలడు. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా రెండయ్యాక ధర్మవరం, కదిరి, పెనుకొండ పుట్టపర్తి ఎస్పీ పరిధిలోకి పోయాయి. శవం సరిహద్దు గుట్టలో దొరికితే కేసు ఎవరిది? నేరం తమ పరిధిలో జరగకపోయినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాల్సిందే, దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు, అని చట్టం చెబుతుంది. అర్ధరాత్రి ఆ గుట్ట దగ్గర టార్చిలైట్లు పట్టుకుని నిలబడ్డ రెండు స్టేషన్ల ఎస్సైలు ఏం మాట్లాడుకుంటారో రాయగలిగినదానివి నువ్వే. హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు ఆ గుట్ట తెలియదు.

నువ్వు పంపిన మూడో అధ్యాయంలో హీరో చెంపదెబ్బకు నేరస్థుడు నిజం కక్కేశాడు. దాన్ని తీసెయ్యమని చెప్పను. అది ఉండాలి, మరునాడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ దాన్ని విని "ఇది నాకెందుకు పనికొస్తుంది?" అని అడగాలి. ఇంకో పని కూడా చెయ్యి. సెషన్స్ కోర్టు విచారణలు మామూలుగా బహిరంగంగానే జరుగుతాయి. ఇక్కడి జిల్లా కోర్టుకు వచ్చి వెనక బెంచీలో కూర్చో. పంచనామా సాక్షిని లాయరు ప్రశ్నిస్తున్నప్పుడు ఆ మనిషి ఎటు చూస్తున్నాడో గమనించు. వచ్చేటప్పుడు నాలుగో అధ్యాయం తీసుకురా, మా ఇంట్లో భోజనం చేసి చదువుకుందాం.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.