ఖాతాలో పడిన 41 రూపాయలు సరైన లెక్కేనా?

ప్రశ్న: జూన్ 12న ఒక ఫైనాన్స్ కంపెనీలో నగలు తాకట్టు పెట్టి లక్షన్నర గోల్డ్ లోన్ తీసుకున్నాను. వడ్డీ ఏడాదికి 10 శాతం. సెప్టెంబరు 12న మొత్తం కట్టేసి నగలు విడిపించుకున్నాను. వడ్డీ కింద 4,521 రూపాయలు తీసుకున్నారు. ఎక్కువైనట్టుందని బ్రాంచిలో అడిగితే చూస్తామన్నారు. కొన్నాళ్లకు ‘ఎక్సెస్ ఇంట్రెస్ట్ రీఫండ్’ అని మెసేజ్ వచ్చి, నా ఖాతాలో 41 రూపాయలు పడ్డాయి. ఇదేమైనా మోసమా అని టెన్షన్‌గా ఉంది. మావారేమో ‘41 రూపాయల గొడవ ఎందుకు, వదిలెయ్’ అంటున్నారు. మా చెల్లెలి నగలు కూడా అదే బ్రాంచిలో ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: వదిలెయ్యకండమ్మా. మీరు రాసిన వివరాల ప్రకారం మీకు రావాల్సింది 41 కాదు, దాదాపు 740 రూపాయలు.

లెక్క మీరే వేసుకోవచ్చు. లక్షన్నర మీద 10 శాతం అంటే ఏడాదికి 15,000. దాన్ని 365తో భాగిస్తే రోజుకు 41 రూపాయల 10 పైసలు. జూన్ 12 నుంచి సెప్టెంబరు 12 వరకు 92 రోజులు. అంటే మీరు కట్టాల్సిన వడ్డీ 3,781. వాళ్లు తీసుకున్నది 4,521. ఈ మొత్తాన్ని రోజు వడ్డీతో భాగిస్తే సరిగ్గా 110 రోజులు వస్తుంది. అంటే సెప్టెంబరు 30 దాకా లెక్కగట్టారన్నమాట. నగలు 12నే ఇంటికి తెచ్చుకున్నారు, వడ్డీ మాత్రం నెలాఖరు వరకు కట్టారు. ఇప్పుడు అందులో ఒక్క రోజు వడ్డీ వెనక్కి ఇచ్చారు. మిగతా 17 రోజులది, అంటే 699 రూపాయలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. చివరి రోజును కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉందని వాళ్లంటే 93 రోజులు అవుతుంది. అప్పుడు కూడా మీకు ఇంకా 658 రావాలి.

ఇలా నెల మొత్తానికి వడ్డీ లాగడం తప్పని రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 29న ఇచ్చిన సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. నెల మధ్యలో అప్పు ఇచ్చినా, తీర్చినా, బాకీ ఉన్న రోజులకే వడ్డీ తీసుకోవాలి. డబ్బు చేతికి ఇవ్వకముందే, అగ్రిమెంటు తేదీ నుంచి వడ్డీ వేయడం కూడా తనిఖీల్లో బయటపడింది. అలా ఎక్కువ తీసుకున్నది ఖాతాదారులకు తిరిగి ఇవ్వాలని అప్పుడే చెప్పారు. ఈ మాట బ్యాంకులకే కాదు, ఫైనాన్స్ కంపెనీలకూ వర్తిస్తుంది.

ఇలాంటి చిన్న రీఫండ్లతో నాకున్న అసలు బాధ ఏంటంటే, చిన్న మొత్తం వెనక్కి వచ్చిందంటే జరిగిన తప్పు కూడా చిన్నదేనని మనం అనుకుంటాం. లెక్క అడగం. పైగా ‘పాపం, నిజాయితీగా ఇచ్చారు’ అని సంతోషిస్తాం. కానీ 41 రూపాయలు వేశారంటేనే ఎక్కువ తీసుకున్నట్టు ఒప్పుకున్నారు. ఎంత ఎక్కువ అన్నది మనం అడిగితేనే తేలుతుంది. పైగా తప్పు కంప్యూటర్‌లో పెట్టిన లెక్కలో ఉంటే, ఆ నెలలో నగలు విడిపించుకున్న ప్రతి ఒక్కరికీ ఇదే జరిగి ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది అడగరు.

రాజస్థాన్‌లోని కోటాకు చెందిన ఒక ఇంజనీరు విషయం మీవారికి చెప్పండి. 2017 జులై 2న ప్రయాణానికి జీఎస్టీ రాకముందే రైలు టికెట్ కొని, తర్వాత రద్దు చేసుకున్నారు. 65 రూపాయలు కోయాల్సింది, సర్వీస్ ట్యాక్స్ పేరుతో 100 కోశారు. ఆ 35 కోసం ఆయన సమాచార హక్కు దరఖాస్తులు పెడుతూ పోయారు. 2019లో 33 రూపాయలు వేశారు. మిగిలిన రెండు రూపాయలనూ ఆయన వదల్లేదు, 2022లో రాబట్టారు. అప్పటికి అదే రకంగా కోత పడిన 2.98 లక్షల మందికి 2.43 కోట్లు వెనక్కి ఇవ్వడానికి రైల్వే ఒప్పుకుంది. మీరు అన్నేళ్లు తిరగనక్కర్లేదు. మీ పని ఒక్క ఈమెయిల్‌తో మొదలవుతుంది.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, బ్రాంచికి కలిపి ఇలా రాయండి: ‘లోన్ నంబరు ఫలానా. సెప్టెంబరు 12న మొత్తం చెల్లించాను. 110 రోజులకు వడ్డీ తీసుకున్నారు. బాకీ ఉన్నది 92 రోజులే. 41 రూపాయలు అందాయి. మిగిలిన 699 రూపాయలు నా ఖాతాలో వేయండి. లేదా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రేటుతో లెక్క వేశారో రాతపూర్వకంగా ఇవ్వండి.’ రసీదు ఫొటో జత చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. నోటిమాటగా అడిగి ఊరుకుంటే రేపు చూపించడానికి ఏమీ ఉండదు.

పంపే ముందు ఒక పని ఉంది. లోన్ ఇచ్చినప్పుడు మీ చేతికి ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే వడ్డీ రేటు, ఛార్జీలు అన్నీ ఒకచోట రాసి ఇచ్చే కాగితం తీసి చూడండి. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు అది తప్పనిసరి. కొన్ని గోల్డ్ లోన్లలో వడ్డీ సమయానికి కట్టకపోతే రేటు పెరిగే స్లాబులు ఉంటాయి. మీదాంట్లో అలాంటిది ఉంటే నా లెక్క మారుతుంది. అందులో లేని ఛార్జీని మాత్రం మీ అనుమతి లేకుండా వేయకూడదు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. ఎలాగో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి. అయితే ఊళ్లో షావుకారు దగ్గరో, సొసైటీలోనో పెట్టిన తాకట్టుకు ఈ దారి పనిచేయదు.

మోసం సంగతి. డబ్బు నేరుగా ఖాతాలో పడి, స్టేట్‌మెంట్‌లో కంపెనీ పేరు ఉంటే భయపడక్కర్లేదు. మిగతా రీఫండ్ పంపుతామంటూ ఎవరైనా లింకు పంపినా, ఓటీపీ అడిగినా, యూపీఐ పిన్ కొట్టమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం ఉండదు. అలా ఎక్కడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇక మీ చెల్లెలి నగలు. విడిపించుకునే రోజున డబ్బు కట్టకముందే, వడ్డీ ఎన్ని రోజులకు వేశారో కాగితం మీద రాయించుకోమనండి. అప్పు మొత్తాన్ని రేటుతో గుణించి, వందతో, తర్వాత 365తో భాగిస్తే రోజు వడ్డీ వస్తుంది. దాన్ని రోజులతో గుణించుకోమనండి, ఫోన్‌లో రెండు నిమిషాల పని. తేడా ఉంటే కౌంటరు దగ్గరే సరిచేయించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టమనండి.