తిమ్మిరి ఒకచోట, దెబ్బ మరోచోట

ప్రశ్న: రెండు నెలలుగా నడుము నొప్పి. ఈమధ్య ఎడమ కాలి బొటనవేలు, పాదం పైభాగం మొద్దుబారాయి. నడుములో నాలుగు, ఐదో పూసల మధ్య ఉండే ఎల్4–ఎల్5 డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. దూదితో రాస్తే మాత్రం స్పర్శ తెలుస్తోంది. నరం బాగున్నట్టేనా?

జవాబు: దూదిని నమ్ముకోకండి. వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయటికొస్తాయి. ఒక్కో నరం మొదలు, అంటే దాని వేరు, చర్మం మీద ఒక్కో పట్టీని చూసుకుంటుంది. ఈ పట్టీలు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అందుకే ఒక వేరు నలిగినా పైదీ కిందిదీ కలిసి మెత్తటి స్పర్శను నెట్టుకొస్తాయి. నొప్పి విషయంలో ఈ కలయిక తక్కువ కాబట్టి లోపం సూదిమొనతో త్వరగా బయటపడుతుంది. కొత్త గుండుసూదిని చర్మం చిట్లకుండా ముందు కుడి పాదానికి, తర్వాత ఎడమ పాదంలో అదే చోట ఆనించండి. చురుక్కుమనకుండా వేలితో తాకినట్టే ఉంటే అక్కడ నరం పని తగ్గినట్టు.

మీరు చెప్పిన చోటు ఎల్5 నరానిది. ఎల్4 నరం ఆ డిస్క్‌కు పైనే బయటికి వెళ్లిపోతుంది. కిందికి దిగుతున్న ఎల్5 మాత్రం దానికి దొరికిపోతుంది. మోకాలి కింద కాలి లోపలివైపు తిమ్మిరైతే ఎల్4ను, చిటికెనవేలు, పాదం బయటి అంచు అయితే ఎల్5 కిందుండే ఎస్1 నరాన్ని అనుమానిస్తాం. రెండు పాదాలకూ మేజోళ్లు తొడిగినట్టు సమానంగా ఉంటే డిస్క్ కన్నా ముందు షుగర్ చూపించుకోవాలి.

తిమ్మిరికన్నా బలం మీదే ఎక్కువ కన్నేయండి. మడమల మీద పది అడుగులు వేయండి. ఎడమ పాదం ముందుభాగం నేలకు జారిపోతున్నా, పైకెత్తిన బొటనవేలు మీరు నొక్కగానే కుడిదానికన్నా తేలిగ్గా వంగిపోతున్నా సర్జన్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు.

ప్రశ్న: డిస్క్ జారినవాళ్లు ఎప్పుడు కంగారు పడాలి?

జవాబు: సైకిల్ సీటుకు ఆనే భాగం మొద్దుబారినప్పుడు. కడుక్కునేటప్పుడు చేతికి చర్మం తగులుతుంది, చర్మానికి చెయ్యి తగిలినట్టుండదు. మూత్రం నిండినా తెలియదు, తెలిసినా రాదు. వెన్నుపాము చివర వేలాడే నరాల కుచ్చు మొత్తం నలుగుతోందన్నమాట. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అలాంటప్పుడు మాకు ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు.

ప్రశ్న: బొడ్డు దగ్గర గీత గీసినట్టు, అక్కడి నుంచి కిందంతా మొద్దుబారింది. నడుస్తుంటే తూలుతున్నాను. నడుము స్కాన్‌లో ఏమీ లేదన్నారు.

జవాబు: స్కాన్ తీసిన చోటే తప్పు. పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1–ఎల్2 దగ్గరే ముగుస్తుంది. నడుము స్కాన్‌లో పడేది ఎక్కువగా దాని కింది నరాలే. బొడ్డు టి10 పట్టీ, అంటే వీపు భాగంలోని పదో నరానిది. అలాగని లోపం సరిగ్గా అక్కడే ఉండాలనీ లేదు, మెడలోనూ ఉండొచ్చు. కాళ్ల నుంచి నొప్పి, వేడి మోసుకెళ్లే పోగులు వెన్నుపాములో బయటి అంచున ఉంటాయి. బయటి నుంచి ఏదైనా నొక్కితే ముందు నలిగేవి అవే. అందుకే గీత కాళ్ల నుంచి మెల్లగా పైకి పాకుతుంది, లోపం ఉన్న మట్టానికి ఇంకా చేరకపోవచ్చు. మెడ, వీపు కలిపి ఎమ్మారై తీయించండి, అదీ ఒకటి రెండు రోజుల్లో. అందులో ఏమీ లేక, కళ్లు మూసి నిలబడితే తూలు ఎక్కువవుతుంటే బి12 పరీక్ష అడగండి. ఆ విటమిన్ లోపం వెన్నుపాము వెనకభాగాన్ని తినేస్తుంది.

ప్రశ్న: బలం తగ్గింది కుడి కాలికి. వేడినీళ్లు తెలియనిది ఎడమ కాలికి. రెండు జబ్బులా?

జవాబు: ఒక్కటే కావచ్చు. వెన్నుపాములో కుడి సగం దెబ్బతింటే సరిగ్గా ఇలాగే ఉంటుంది. నొప్పిని, వేడిని మోసే పోగులు వెన్నుపాములోకి వచ్చిన ఒకటి రెండు మెట్లలోనే అవతలి పక్కకు దాటేస్తాయి. కదలికను నడిపే పోగులు, కాలు ఏ భంగిమలో ఉందో చెప్పేవి మెదడు కిందిభాగంలో దాటతాయి. కాబట్టి కుడివైపు దెబ్బకు కుడి కాలి బలం, భంగిమ జ్ఞానం పోతాయి, ఎడమ కాలికి వేడి తెలియదు. 19వ శతాబ్దంలో దీన్ని వివరించిన వైద్యుడి పేరుతోనే బ్రౌన్ సెకార్డ్ సిండ్రోమ్ అంటారు. ఇంట్లోవాళ్లను మీ కుడి బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని పైకో కిందికో కదపమనండి. మీరు కళ్లు మూసుకుని ఎటు కదిలిందో చెప్పండి. తప్పు చెబుతుంటే ఆ మాట న్యూరాలజిస్టుకు తప్పక చెప్పాలి, అదీ ఈ వారంలోనే.

ఈలోగా స్నానం నీళ్ల వేడి చేత్తో చూసుకోండి, ఎడమ కాలితో కాదు. ఆ కాలికి వేడినీళ్ల సంచి పెట్టొద్దు. కాలినా నొప్పి పుట్టదు, బొబ్బ కంటికి కనబడినప్పుడే తెలుస్తుంది.