జావా స్వింగ్‌లో మొబైల్ నంబర్ బాక్సు: కీ లిజనర్ పెట్టినా అక్షరాలు ఎందుకు పడుతున్నాయి?

స్వింగ్ (జావాలో విండోలు, బాక్సులు తయారుచేసే లైబ్రరీ) బాక్సులో 10 అంకెలే పడాలని మీరు కీ లిజనర్ (కీ నొక్కితే నడిచే కోడ్) పెట్టారు. దాని కీప్రెస్డ్‌లో (కీ కిందికి నొక్కగానే నడిచే భాగం) కన్స్యూమ్ (ఆ నొక్కుడుని రద్దు చేసే ఆజ్ఞ) రాసినా అక్షరాలు పడుతున్నాయి, బాక్సులో ఏముందని గెట్‌టెక్స్ట్‌ని అడిగితే ఒక అంకె తక్కువ వస్తోంది అన్నారు. రెండింటికీ మూలం ఒకటే. అక్షరం బాక్సులో పడేది కీప్రెస్డ్ తర్వాత వచ్చే కీటైప్డ్ (అక్షరం టైపైందన్న కబురు) మీద, అదీ మీ లిజనర్ పని అయ్యాకే. కన్స్యూమ్‌ని కీటైప్డ్‌లోకి మారిస్తే టైపింగ్ వరకు ఆగుతుంది. పేస్ట్ ఆగదు.

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ షాపులో నడుస్తోంది. కౌంటర్‌లో కుర్రాడు నంబరు టైప్ చేస్తే ఒట్టు. వాట్సాప్ వెబ్‌లో కాపీ కొట్టి, మేం పెట్టిన రైట్‌క్లిక్ మెనూతో పేస్ట్ చేస్తాడు: ప్లస్ గుర్తు, 91, మధ్యలో ఖాళీలతో సహా. అక్కడ కీ లిజనర్‌కి అసలు కబురే అందదు.

అందుకని డాక్యుమెంట్‌ఫిల్టర్ (బాక్సులోకి వెళ్లే టెక్స్ట్‌ని ముందే ఆపి చూసే కోడ్) పెట్టండి. టైపింగ్, పేస్ట్, కోడ్‌తో బాక్సు నింపే సెట్‌టెక్స్ట్ అన్నీ దాని రీప్లేస్ అనే మెథడ్ మీదుగానే వెళ్తాయి. చాలామంది అందులోని ఇంకో మెథడ్ ఇన్సర్ట్‌స్ట్రింగ్ ఒక్కటే రాసి పనిచేయట్లేదంటారు. వచ్చిన టెక్స్ట్ నల్ (అసలు ఏమీ లేకపోవడం) కావచ్చు, ముందు చూసుకోండి. అంకెలు కానివన్నీ తీసేయండి. 12 మిగిలి, 91తో మొదలైతే ఆ రెండూ కొట్టేయండి. 10 అంకెలు దాటకుండా చూసే పొడవు లెక్కలో సెలెక్ట్ అయిన భాగాన్ని మినహాయించాలి, లేకపోతే పాత నంబరంతా సెలెక్ట్ చేసి కొత్తది కొట్టబోతే బాక్సు మొండికేస్తుంది. అంకేనా అని చూడటానికి జావా ఇజ్‌డిజిట్ వాడొద్దు, అది తెలుగు అంకె ౯కి కూడా ఊ కొడుతుంది. 0 నుంచి 9 దాకా నేరుగా పోల్చండి.

బార్‌కోడ్ స్కానర్ ఉంటే ఇంకో తిరకాసు. కంప్యూటర్‌కి అదీ కీబోర్డే. కర్సర్ మొబైల్ బాక్సులో ఉండగా సబ్బు స్కాన్ చేస్తే 13 అంకెల్లో మొదటి 10 నిక్షేపంగా లోపలికెళ్తాయి. మన దేశంలో తీసుకున్న బార్‌కోడ్‌లు 890తో మొదలవుతాయి, మొబైల్ నంబర్లేమో 6, 7, 8, 9తో. మొదటి అంకె చూసే చెక్ కూడా పాసైపోతుంది! అందుకే 11వ అంకెని గుట్టుగా మింగేయకుండా, బీప్ కొట్టించి బాక్సు ఎర్రగా చేయండి.

బాక్సులో ఎంటర్ కొడితే పని జరగడానికి కీ లిజనర్ అక్కర్లేదు, యాక్షన్‌లిజనర్ చాలు. కస్టమర్ పేరు బాక్సుకి మాత్రం ఇలాంటి పొడవు కత్తెర వేయకండి. 'శ్రీ' ఒక్కటే జావా పొడవు లెక్కలో 4. పేరు 20 దగ్గర కోస్తే ఒత్తో గుణింతమో తెగిపోతుంది. నేనైతే 100 ఇచ్చేస్తాను.