మాను మీది మచ్చ తెగులు కాదు, తోటలో ఉడుము శత్రువు కాదు

ప్రశ్న: పదిహేనేళ్ల మామిడి తోట. మానుల మీద బూడిద రంగు పొలుసుల్లాంటి మచ్చలున్నాయి. డీలర్ తెగులన్నాడు, కాపర్ ఆక్సీక్లోరైడ్ రెండుసార్లు కొట్టాను. ఈ ఏడు కాపు బాగా తగ్గింది. మూడడుగుల ఉడుమొకటి కోడిగుడ్లు తినేస్తోంది, గుడ్డులో గుళికల మందు పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దండీ. ఆ గుడ్డు ముందు మీ కుక్క తినొచ్చు, పిల్లలు ముట్టుకోవచ్చు. పైగా ఉడుమును చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు.

ఇక మచ్చలు. అవి లైకెన్లు. నీళ్లు చల్లి చూడండి, కాసేపట్లో బూడిద రంగు పచ్చబడుతుంది, లోపలి నాచు బయటికి కనిపిస్తుంది. ఉడుము ఒక్క జీవి, దానికి ఆకలేస్తే వేటాడుతుంది. లైకెన్ అలా కాదు, శిలీంధ్రమూ నాచూ కలిసి చేసే కాపురం. నాచు ఎండలో తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం గూడు కడుతుంది. వేర్లు లేవు, చెట్టు రసం పీల్చదు. చాలా రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. అరచేయంత మచ్చ ఎన్నేళ్ల నుంచి ఉందో లెక్కేసుకోండి, ఈ ఏటి కాపు అదెలా తగ్గిస్తుంది?

కొమ్మలెండి ఆకు పలచబడితే మాను మీద ఎండ పడి లైకెన్లు పెరుగుతాయి. చెట్టు నీరసపడిందేమో చూడాలి, కారణం ఎక్కువగా వేర్ల దగ్గరే ఉంటుంది. మందు అమ్మేవాళ్లు మట్టి పరీక్ష మాటెత్తరు, నేను మాత్రం అది చేయించకుండా ఒక్క బస్తా ఎరువు కూడా వెయ్యొద్దంటాను. కోత అయ్యాక చెట్టు నీడ అంచున గుంత తీసి 0-30, 30-60, 60-90 సెం.మీ. లోతుల మట్టి వేరువేరు సంచుల్లో అరకిలో చొప్పున పంపండి. తోటలో నాలుగైదు చోట్ల తీయాలి, ఈమధ్య ఎరువు వేసిన చోట వద్దు.

ఎండు కొమ్మల్ని పచ్చి భాగంలోకి 10 సెం.మీ. వరకు కోసి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు) పూయండి. చాకుతో మాను గీకితే లోపల గోధుమ రంగుండి బంక కారుతుంటే అక్కడా ఇదే పూత. పచ్చగా ఉంటే ఏ మందూ వద్దు.

ఉడుము ఎక్కువగా తినేది పెంకు పురుగులు, వాటి లార్వాలు, ఎలుకలు దొరికితే అవీ. మీకు అదే మేలు. గుడ్లు పెట్టిన పూటే తీసేయండి, గూటికి సన్నకన్ను ఇనుప జాలీ కట్టండి, అడుగున జానెడు లోతు పాతండి, తవ్వి దూరకుండా.