టీచర్ల డిజిటల్ సందేహాలు: పిల్లల దగ్గర ఫోన్ లేకున్నా క్విజ్ పెట్టొచ్చు

ప్రశ్న: మా ఆరో తరగతిలో 38 మంది ఉన్నారు. పిల్లలు బడికి ఫోన్ తేకూడదు. పాఠం అవగానే ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో అక్కడికక్కడే తెలుసుకునే దారి ఉందా?
– గణిత ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంది. ప్లిక్కర్స్ అనే యాప్‌కు మీ ఒక్కరి ఫోన్ చాలు. పిల్లల చేతిలో ఉండేది క్యూఆర్ కోడ్‌లాంటి నల్ల గడుల బొమ్మ అచ్చేసిన కాగితం కార్డు మాత్రమే. దాని నాలుగు వైపులా ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాలుంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి, అంతే. మీరు ఫోన్ కెమెరాను గది ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పితే ఎవరు ఏది ఎంచుకున్నారో పేర్లతో సహా వచ్చేస్తుంది. ఏ కార్డు బొమ్మ దానిదే కాబట్టి పక్కవాళ్లను చూసి తిప్పడం కుదరదు.

ముందుగా కంప్యూటర్‌లో ప్లిక్కర్స్ సైట్ తెరిచి ఖాతా, తరగతి తయారుచేసి, పేర్లన్నీ హాజరుపట్టీ వరుసలో ఎక్కించండి. ఒక్కొక్కరికి ఒక కార్డు నంబరు వస్తుంది. మామూలు సెట్‌లో 40 కార్డులు, పేజీకి రెండు చొప్పున, అంటే 20 ఎ4 కాగితాలు. మీ 38 మందికి సరిపోతాయి. ఉచిత ఖాతాలో ఒక్కో ప్రశ్నల సెట్‌కు 5 ప్రశ్నలే పెట్టనిస్తుంది, ఒక పీరియడ్‌కు అంతకంటే ఎక్కువ అవసరం కూడా లేదు. ప్రొజెక్టర్ లేకపోతే ప్రశ్నను బోర్డు మీద రాయండి. మీ ఫోన్‌లో మాత్రం నెట్ ఉండాలి.

స్కాన్ కాకపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: మెరిసే లామినేషన్ మీద కిటికీ వెలుతురు పడటం, వేళ్లు నల్ల గడుల మీదికి రావడం, పలచని కాగితం వంగిపోవడం. మందపాటి కాగితం మీద ముదురు నలుపు ప్రింటు తీయించి, లామినేషన్ మానేయండి. కార్డును అంచులు పట్టుకుని ఛాతీకి ఎదురుగా నిలబెట్టమనండి. వెనక బెంచీలవి అందకపోతే మీరే రెండడుగులు ముందుకు వేయండి.

అసలు ఫలితం ప్రశ్న రాసే తీరులో ఉంటుంది. ఉదాహరణకు 1/2 + 1/3 ఎంత? ఎ) 2/5 బి) 5/6 సి) 2/6 డి) 1/6. సరైనది బి. ‘ఎ’ చూపినవాళ్లు లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడేశారు. ‘సి’ చూపినవాళ్లు హారం 6 చేశారు గానీ లవాలను మార్చలేదు. ‘డి’ అన్నవాళ్లు గుణించారు. ప్రతి తప్పు జవాబూ ఒక ఫలానా పొరపాటును పట్టించాలి. ఏదో ఒక అంకె పెట్టేస్తే స్కాన్ చేసినా మీకు తెలిసేదేమీ ఉండదు. ‘ఎ’ వైపు ఎక్కువమంది ఉంటే తర్వాతి ప్రశ్నకు వెళ్లకండి. కాగితం మడతపెట్టి సగం, మూడో వంతు చూపించి, అదే ప్రశ్న మళ్లీ అడగండి.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో టైప్ చేయించిన ప్రశ్నపత్రాన్ని గూగుల్ ఫారంలో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. మళ్లీ అంతా టైప్ చేయాలా?
– సోషల్ టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: అక్కర్లేదు. పాత అను ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చెల్లే అక్షరాల కోడ్) కావు. వేరే గుర్తుల కోడ్‌లకే తెలుగు అక్షరం బొమ్మ తొడిగారు, ఫాంట్ లేనిచోట ఆ గుర్తులే బయటపడతాయి. పేజీని పీడీఎఫ్‌గా కాకుండా జేపీజీ బొమ్మగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. పీడీఎఫ్ ఇస్తే దాని లోపల దాగిన ఆ పిచ్చి గుర్తులే మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది. కంప్యూటర్‌లో ఆ బొమ్మపై రైట్ క్లిక్ చేసి, ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే పైన బొమ్మ, కింద మామూలు తెలుగు వస్తాయి. ఒక్కో పేజీ 2 ఎంబీ లోపు, నిటారుగా, నీడ పడకుండా ఉండాలి. రెండు వరుసల్లో ఉన్న పేపరైతే మధ్యకు కత్తిరించి రెండు బొమ్మలు చేయండి, లేకపోతే పంక్తులు కలిసిపోతాయి. ఒత్తులు, ప–వ, మ–య, ధ–థ తప్పకుండా సరిచూడండి. సున్నా ఒక్కోసారి ఇంగ్లిషు ‘ఓ’ అయి కూర్చుంటుంది.

ప్రశ్న: గూగుల్ ఫారం క్విజ్‌లో ‘ఆక్సిజన్’ అని సరిగ్గా రాసినా కొందరికి సున్నా పడింది. ఎందుకు?
– సైన్స్ టీచర్, అనంతపురం జిల్లా

జవాబు: షార్ట్ ఆన్సర్ ప్రశ్నల్లో ఫారం అక్షరాలను పోల్చుతుంది, అర్థాన్ని కాదు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. మనకు రెండూ ఒకేలా ఉన్నా, కంప్యూటర్‌కు అవి వేర్వేరు. ‘కిరణజన్య సంయోగక్రియ’ మధ్యలో ఖాళీ వదలడం, వదలకపోవడం, ‘సోడియం’, ‘సోడియమ్’ కూడా అంతే. ఆన్సర్ కీలో ఇలాంటి రూపాలన్నీ చేర్చి, ‘మిగతావన్నీ తప్పు’ అనే టిక్ తీసేయండి. ఇప్పటికే సున్నా పడ్డవాళ్ల కోసం రెస్పాన్సెస్‌లోని ‘క్వశ్చన్’ ట్యాబ్ తెరవండి. ఒకేలా ఉన్న జవాబులన్నీ అక్కడ ఒకచోట ఉంటాయి, ఒక్క టిక్‌తో అందరికీ మార్కులు వేసి సేవ్ చేయొచ్చు. ఇంకో సంగతి: అన్నాచెల్లెళ్లిద్దరూ నాన్న ఫోన్‌లోనే ఒకే ఫారం నింపాల్సిన ఇళ్లుంటే ‘ఒక్కరికి ఒక్క జవాబే’ అనే సెట్టింగ్ పెట్టకండి. అది జీమెయిల్ ఖాతాను బట్టి లెక్కిస్తుంది, రెండో బిడ్డకు ఫారం తెరుచుకోదు.

ప్రశ్న: తరగతిలో ఐఎఫ్‌పి (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఉంది గానీ నెట్ అందదు. విద్యుత్ వలయాలు ఎలా చూపించాలి?
– ఫిజిక్స్ టీచర్, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) ఉచితం. ‘సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ’ని నెట్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుంటే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్ వస్తుంది, తర్వాత నెట్ అవసరం ఉండదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ముందు ప్యానెల్ మెమరీలోకి కాపీ చేసి, ఫైల్ మేనేజర్ నుంచి క్రోమ్‌తో తెరవండి. పిల్లల ఎదుట తెరిచే ముందు ఒకసారి ఖాళీ గదిలో ప్రయత్నించండి. రెండు బల్బులను శ్రేణిలో కలిపి, తర్వాత సమాంతరంగా మార్చి, ఒక తీగ తెంపి ఏ బల్బు ఆరుతుందో ముందే ఊహించమని అడగండి. జావా గుర్తు ఉన్న పాత సిమ్యులేషన్లను దించుకోవద్దు, అవి ప్యానెల్‌లో గానీ ఫోన్‌లో గానీ తెరుచుకోవు.