ఆ టిక్కు నేను పెట్టలేదు

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 44 ఏళ్లు. తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. 2017 నుంచి బైపోలార్ డిజార్డర్ అనే మానసిక జబ్బుకి మందులు వాడుతున్నాను. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ తెలీదు, మా అత్తగారి వైపు కూడా తెలీదు. 2025 ఏప్రిల్‌లో ఇంటి కోసం ఒక ప్రైవేటు బ్యాంకులో 22 లక్షల లోన్ తీసుకున్నాను. 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఆఫీసరు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయాను. మధ్యలో టీ తెప్పించారు కూడా.

దసరా ముందు నాకు జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో ఉంటే, మా ఆవిడ ఈఎంఐ ఎంతో చూద్దామని స్టేట్‌మెంట్ తీసింది. లోన్ 22 లక్షలు కాదు, 22 లక్షల 96 వేలు! అడిగితే, ‘అది లోన్ ఇన్సూరెన్స్ అండీ, అందరికీ కంపల్సరీ’ అన్నారట. నేను బయటికొచ్చాక వెళ్లి ఫారం జిరాక్స్ తెచ్చుకున్నాను. ఆరోగ్యం ప్రశ్నల్లో ‘మానసిక వ్యాధికి చికిత్స పొందారా?’ అని ఉంది. దాని పక్కన ‘లేదు’ అని టిక్కు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆ టిక్కు నేను పెట్టలేదు. కానీ కింద సంతకం నాదే.

డబ్బు వెనక్కి ఇమ్మని బ్రాంచిలో ఉత్తరం ఇస్తే, సంతకం కలవలేదని తిప్పి పంపారు. నేను వాడే లిథియం మందు వల్ల నా చెయ్యి వణుకుతుంది. మా ఆవిడ వదిలెయ్యమంటోంది, కదిపితే జబ్బు సంగతి ఊరంతా తెలుస్తుందని. నాకేమో రాత్రి రెండు దాటినా నిద్ర రావడం లేదు, ఆ ఫారమే కళ్ల ముందు ఆడుతోంది. డబ్బు వస్తుందా? అబద్ధం రాశానని నా మీదే కేసు పెడతారా? పిచ్చివాడి సంతకం చెల్లదని అడగొచ్చా? (పేరు వద్దు)

జవాబు: ముందు నిద్ర సంగతి. మీ జబ్బులో నిద్ర తగ్గడం ఎలాంటి సూచనో నాకన్నా మీకే బాగా తెలుసు. ఈ పత్రిక పక్కన పెట్టి డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి. వెంటనే దొరక్కపోతే ప్రభుత్వం వాళ్ల టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ ఉత్తరాల పని ఒక వారం ఆగినా మునిగిపోయేదేమీ లేదు. అవతలివాళ్లు మిమ్మల్ని తొందరపెట్టడం లేదు, మిమ్మల్ని మీరే తొందరపెట్టుకుంటున్నారు.

ఇప్పుడు టిక్కు గురించి. నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని. మార్చి నెలాఖరు వచ్చిందంటే రీజనల్ ఆఫీసు నుంచి గంటకోసారి ఫోన్: ‘మీ బ్రాంచి ఇన్సూరెన్స్ ఎంత?’ అలాంటి ఒక సాయంత్రం లోన్ కోసం వచ్చిన ఒకాయన ఎదురుగా కూర్చుని ఉండగానే, ఆరోగ్యం ప్రశ్నలు పదకొండింటికీ వరసగా ‘లేదు’ అని నేనే టిక్కులు పెట్టాను. ఆయన్ని ఒక్కటీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి ‘ఉంది’ అంటాడు, ఫైలు మెడికల్‌కి వెళుతుంది, నెలాఖరు దాటిపోతుంది. కాబట్టి మీ ఫారంలో ఏం జరిగి ఉంటుందో నేను ఊహించక్కర్లేదు.

మీకు జరిగింది ఇదీ. 96 వేలు ఒకేసారి ప్రీమియంగా కోసి లోన్‌లో కలిపేశారు. దానికి వడ్డీ మీరు కడుతున్నారు. లెక్కల మాస్టారు కదా, వేసి చూసుకోండి: నెలకి 864 రూపాయలు, 240 నెలలకి 2 లక్షల 7 వేల పైచిలుకు. అంత పోసి కొన్నదేమిటి? రేపు మీకేమైనా అయితే, ‘ఫారంలో జబ్బు దాచారు’ అని కంపెనీ మీ ఆవిడ క్లెయిమ్ కొట్టేసే వీలున్న పాలసీ. ప్రీమియం మాత్రం ఖాయం, క్లెయిమ్ అనుమానం. మీ ఫిర్యాదు బలమంతా ఇక్కడే ఉంది.

అందుకే ‘పిచ్చివాడి సంతకం’ అన్న దారి పట్టకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మూడో సెక్షన్‌లోనే స్పష్టంగా ఉంది: మానసిక వ్యాధి ఉందన్నంత మాత్రాన ఆ మనిషికి మతిస్థిమితం లేదని అనుకోకూడదు, ఆ మాట కోర్టు చెప్పాలి. ఇది మిమ్మల్ని కాపాడే మాట, దాన్ని మీరే కాలదన్నుకోవద్దు. పైగా ఆ వాదన ఎత్తుకుంటే ఇన్సూరెన్స్ సంతకంతో పాటు లోన్ సంతకం, ఇంటి రిజిస్ట్రేషన్ సంతకం కూడా ప్రశ్నలోకి వస్తాయి. మీరు తెలివిలోనే ఉన్నారు. అడగాల్సింది అడగకుండా సంతకం తీసుకున్నారు. అంతవరకే చెప్పండి.

కంపల్సరీ అన్న మాట అబద్ధం. ఇన్సూరెన్స్ తీసుకుంటేనే లోన్ అని బ్యాంకు పట్టుబట్టకూడదు, ఇన్సూరెన్స్ పూర్తిగా కస్టమర్ ఇష్టం అని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. అయితే చిన్న తిరకాసు. తాకట్టు పెట్టిన ఇంటికి అగ్నిప్రమాదం వగైరా ఇన్సూరెన్స్ ఉండాలని బ్యాంకు అడగొచ్చు, అది న్యాయమే. ఆ వంక చూపించి ప్రాణానికి పాలసీ అంటగడతారు. రెండూ వేరని ఉత్తరంలో రాయండి.

మీరు తేదీ రాయడం మంచిదైంది. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరైన ఇలాంటి లోన్లన్నిటికీ లోన్ ముఖ్య వివరాలన్నీ ఒకచోట చూపే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. బ్యాంకు వసూలు చేసే ఇన్సూరెన్స్ చార్జీలు అందులో చూపించి, అవి కూడా కలిపి లోన్‌కి ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో లెక్క కట్టాలి. మీ బీరువాలో సాంక్షన్ లెటర్ వెనకాల పిన్ కొట్టి ఉంటుంది, వెతకండి. అందులో 96 వేలు లేకపోతే బ్యాంకు దొరికిపోయినట్టే. ఉంటే, ఆ ప్రీమియం లోన్‌లో కలపమని మీరిచ్చిన విడి అంగీకారపత్రం చూపించమనండి.

ఇక సంతకం. బ్రాంచికి కాగితం పట్టుకెళ్లడం మానెయ్యండి. బ్యాంకులో రిజిస్టరైన మీ ఈమెయిల్ నుంచి బ్యాంకు గ్రీవెన్స్ సెల్‌కి రాయండి, నంబరు అడగండి. ఈమెయిల్‌లో చెయ్యి వణకదు. వీలున్నప్పుడు బ్యాంకు పోల్చి చూసుకునే కొత్త నమూనా (స్పెసిమెన్) సంతకం కూడా ఇచ్చి రండి. మందుల వల్ల సంతకం మారడం ప్రపంచంలో లేని వింతేమీ కాదు.

ఉత్తరాలు రెండు, వేర్వేరుగా రాయాలి. బ్యాంకుకి రాసేదాంట్లో జబ్బు మాటే వద్దు. ‘అడగకుండా అంటగట్టారు, కంపల్సరీ అన్నారు, ప్రీమియం, దాని మీద వసూలు చేసిన వడ్డీ వెనక్కి లోన్ అసలుకి జమ చెయ్యండి’ అంటే చాలు. ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసే రెండోదాంట్లో మాత్రం ఒక వాక్యం తప్పదు: ‘నేను 2017 నుంచి చికిత్సలో ఉన్నాను, ఆ ప్రశ్న నన్ను అడగలేదు, టిక్కు నాది కాదు.’ అంతకు మించి రాయకండి. ఏ ఆస్పత్రి, ఎన్నిసార్లు చేరారు, ఏ మందు అని కథంతా చెప్పక్కర్లేదు. మీ అనుమతి లేకుండా ఆస్పత్రి బయటపెట్టకూడదనీ, మీ రికార్డులు మీరు అడిగితే ఇవ్వాలనీ అదే 2017 చట్టంలో ఉంది. మీ ఆవిడకి ఈ పేరా చదివి వినిపించండి. ఈ ఉత్తరాలు తెనాలి వీధుల్లోకి రావు.

కేసు పెడతారా అన్నారు. మోసం చెయ్యాలని మీరు రాసింది కాదు, పైగా మీరే ముందుకొచ్చి చెబుతున్నారు. మోసం లేని తప్పు సమాచారం కారణంగా పాలసీ రద్దు చేస్తే, కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్. మీక్కావలసిందీ అదే కదా!

ఇక్కడ మీతో ఒక మాట దాచలేను. అదే సెక్షన్‌లో మూడేళ్లు నిండిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని ఉంది. కాబట్టి ‘2028 ఏప్రిల్ దాకా నోరెత్తకు, తర్వాత పాలసీ గట్టిదైపోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. నాకు నచ్చని సలహా. మధ్యలో ఏమైనా అయితే ఆ యుద్ధం మీ ఆవిడ నెత్తిన పడుతుంది. అంతవరకూ ఆ ఫారం మీ నిద్ర తింటూనే ఉంటుంది. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. మీ జబ్బుతో బయట కొత్త టర్మ్ పాలసీ దొరకడం సులువు కాదు. ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి: డబ్బు కావాలా, లేక రికార్డు సరిచేయించుకుని పాలసీ నిలుపుకోవాలా? కంపెనీకి రాసే ఉత్తరంలో రెండోది అడిగి, ‘కుదరకపోతే ప్రీమియం మొత్తం వాపసు’ అని కూడా రాయొచ్చు. నేనైతే అలాగే రాస్తాను. మొదటి 30 రోజుల్లో అయితే ఫ్రీలుక్ కింద సులువుగా వదిలించుకునేవారు. ఆ గడువు దాటింది, దాని గురించి బాధపడి లాభం లేదు.

కంపెనీకి రాసిన నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే ఆఫీసు. ఫీజు లేదు. లాయర్లని రానివ్వరు. కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. మీకు ఒంట్లో బాగోకపోతే నామినీగా మీ ఆవిడ ఫిర్యాదు చెయ్యొచ్చు. బ్యాంకు మీద అయితే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్, ఫోన్ 14448. అక్కడ కూడా ముందు బ్యాంకుకి రాసి 30 రోజులు ఆగాలి, మీ తరఫున ఇంకొకరిని పెట్టుకోవచ్చు. మానసిక వేదనకి లక్ష దాకా పరిహారం ఇవ్వొచ్చని 2021 నాటి పథకంలోనే ఉంది. వేదనకి రుజువు మీ దగ్గర ఉన్నట్టు ఎవరి దగ్గరా ఉండదు, కానీ ఆ కాగితం బయటికి తీయాలో లేదో మీ ఇష్టం. వినియోగదారుల కమిషన్‌ని మాత్రం ఆఖరికి ఉంచుకోండి. అక్కడ కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్లు ముట్టుకోరు. దాని గడువు రెండేళ్లు, ఆస్పత్రిలో ఉండి ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగొచ్చు.

రోజుకి ఒక్క పనే పెట్టుకోండి. ఒక రోజు బీరువాలో కాగితాలు వెతకడం, ఇంకో రోజు వాటిని ఫోన్‌లో ఫొటో తీయడం. రాత్రి తొమ్మిది తర్వాత ఈ ఫైలు తెరవద్దు. ఉత్తరం రాసిన రోజే పంపకండి, మర్నాడు పొద్దున మీ ఆవిడ చదివాక పంపండి. కోపంలో ఈఎంఐ ఆపేస్తారేమో, ఆ పని అసలు వద్దు. సిబిల్ చెడితే తప్పు మీదైపోతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. 2006లో అక్కడ పర్సనల్ లోన్ తీసుకుంటే పీపీఐ అని ఇన్సూరెన్స్ కట్టించారు. తర్వాత డిప్రెషన్‌తో చాలా ఏళ్లు ఇబ్బంది పడ్డాడు, 2019 వేసవంతా ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఇప్పుడెవరో ఫోన్ చేసి, 200 పౌండ్లు ముందు కడితే ఆ డబ్బు వెనక్కి ఇప్పిస్తామంటున్నారు. కట్టమంటారా? (రాజమండ్రి నుంచి ఒక తల్లి)

జవాబు: ఒక్క పౌండు కూడా కట్టొద్దనండి అమ్మా. పీపీఐ ఫిర్యాదుకి వాళ్లని పెట్టుకోనక్కర్లేదు. ఆ నంబరు బ్లాక్ చెయ్యమనండి.

మనవాళ్లకి లోన్ ఇన్సూరెన్స్ అంటగట్టడం నేర్పింది ఎవరో గానీ, బ్రిటన్‌లో ఆ పీపీఐ కింద బ్యాంకులు కక్కిన సొమ్ము 38 బిలియన్ పౌండ్లు దాటింది. ఉద్యోగం పోతేనో జబ్బు చేస్తేనో లోన్ వాయిదాలు కడతామని అమ్మారు. తీరా చూస్తే చాలా పాలసీల్లో అంతకుముందే ఉన్న జబ్బులకి వర్తించదు, కొన్నిట్లో మనోవ్యాధులకి అసలు వర్తించదు. ఇదేదీ కొనేవాళ్లకి చెప్పలేదు.

ఫిర్యాదుకి ఆఖరు తేదీ 2019 ఆగస్టు 29. అది దాటినవాళ్లకి మామూలుగా తలుపు మూసేసినట్టే. అసాధారణ పరిస్థితి వల్ల ఆలస్యమైతే మాత్రం వింటారు. మీ అబ్బాయి ఆ వేసవంతా ఆస్పత్రిలో ఉన్నాడంటే అదే పట్టు. కానీ నాలుగేళ్ల తర్వాత, అయిదేళ్ల తర్వాత ఎందుకు అడగలేదని కూడా అడుగుతారు, దానికి జవాబు సిద్ధం చేసుకోవాలి. ఆస్పత్రిలో చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ ఉన్న ఉత్తరం తన జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర అడగమనండి. లోన్ కాగితాలు పోయినా సరే, 2006లో ఉన్న అడ్రసు, పుట్టిన తేదీ ఇస్తే పాత ఖాతా ఉందేమో బ్యాంకు వెతుకుతుంది. ముందు బ్యాంకుకి రాయాలి. వాళ్లు కాదంటే ఆ జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కి వెళ్లాలి, అదీ ఉచితమే. తప్పకుండా వస్తుందని నేను చెప్పను.

ఆ ఫోన్ చేసినవాళ్లకి బ్యాంకు వివరాలు ఇప్పటికే ఇచ్చాడేమో ఇవాళే కనుక్కోండి. ఇచ్చి ఉంటే ముందు తన బ్యాంకుకి చెప్పమనండి, పీపీఐ తర్వాత.